కారులో వైపర్లో హారనో ఆగిపోతే: ఫ్యూజు మార్చడం, అది ఎందుకు పోయిందో పట్టుకోవడం

ఉద్దానంలోని మా అత్తవారింటి నుంచి శ్రీకాకుళం వస్తున్నాం. నరసన్నపేట దాటాక జోరువాన పట్టుకుంది. మడపాం టోల్‌గేటు ఇంకా రాలేదు, వైపర్లు అద్దం మధ్య దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాయి. ముందున్న లారీ ఎర్ర లైట్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, పక్కనే మెల్లగా పాకుతూ ఒక పెట్రోల్ బంకు రేకు కిందకి చేరాం. ఆ రాత్రి నేను వరసగా రెండు ఫ్యూజులు పోగొట్టుకున్నాను. రెండోది పోయింది నా తొందరపాటు వల్లే. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు ఇది ఫ్యూజు సమస్యేనా?

అప్పటిదాకా బాగా పనిచేస్తున్నది ఒక్కసారిగా ఆగిపోయి, కారులో మిగతావన్నీ మామూలుగా ఉంటే ముందు ఫ్యూజునే అనుమానించండి. ఒక్కోసారి రెండు వస్తువులు కలిసి ఆగిపోతాయి, ఉదాహరణకి పాటలు, ఛార్జింగ్ సాకెట్. అప్పుడు అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే ఒకే ఫ్యూజు మీద రెండు మూడు వస్తువులు నడుస్తాయి.

తాళం తిప్పితే ఏ లైటూ వెలగకపోతే ఫ్యూజుల జోలికి వెళ్లే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో కదిపి చూడండి. ఒక్క హెడ్‌లైటే పోతే ఎక్కువసార్లు బల్బే కారణం. సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే, తాళం ఆన్ చేసి వెనక సీటు కింద చెవి పెట్టండి. చాలా పెట్రోలు కార్లలో ఇంజన్‌కి పెట్రోలు పంపే పంపు రెండు సెకన్లు సన్నగా మోగుతుంది. ఆ చప్పుడు లేకపోతే పంపు ఫ్యూజునీ, రిలేనీ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు డబ్బా) చూడాలి. హారన్‌కీ రిలే ఉంటుంది. బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలేని తెచ్చి దాని చోట పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఎక్కడుంటుంది, ఎలా చూడాలి

చాలా కార్లలో రెండు ఫ్యూజు బాక్సులుంటాయి. ఒకటి డాష్‌బోర్డు కింద, ఎక్కువగా డ్రైవరు మోకాళ్ల దగ్గర. ఇంకొకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన. ఏ ఫ్యూజు దేనిదో తెలిపే బొమ్మ మూత లోపలి వైపున గానీ, కారుతో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. ఆ పేజీని ఇవాళే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వానలో, చీకట్లో పుస్తకం వెతకడం నరకం.

తాళం ఆఫ్ చేశాకే ఫ్యూజు పీకాలి. బాక్సులోనే చిన్న ప్లాస్టిక్ పటకారు ఉంటుంది. లేకపోతే నోస్ ప్లయర్‌తో నిటారుగా లాగండి, అటూ ఇటూ వంచకండి.

తీసిన ఫ్యూజుని ఫోన్ టార్చికి అడ్డంగా పట్టుకోండి. రంగు ప్లాస్టిక్ లోపల, రెండు కాళ్ల మధ్య, వంపు తిరిగిన సన్నని లోహపు తీగ కనబడుతుంది. అది తెగి ఉంటే ఫ్యూజు పోయినట్టే. తెగిన తీరూ కొంత చెబుతుంది. మధ్యలో మెత్తగా కరిగి చిన్న సందు మాత్రమే ఉంటే, సాధారణంగా లోడు ఎక్కువై మెల్లగా పోయినట్టు. లోపలంతా నల్లటి మసి పట్టి తీగ ఆనవాలే లేకపోతే, ఎక్కడో వైరు నేరుగా బాడీకి తగిలినట్టు. ఆ రాత్రి నా పసుపు ఫ్యూజులో మసి లేదు, సన్నని సందు మాత్రమే ఉంది. దాన్ని అప్పుడే చదువుకుని ఉంటే రెండోది మిగిలేది.

మల్టీమీటర్ గానీ టెస్ట్ లైటు గానీ ఉంటే ఫ్యూజు పీకే పనే లేదు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. తాళం ఆన్ చేసి రెండింటి దగ్గరా చూడండి. రెండు చోట్లా 12 వోల్టులు వస్తే ఫ్యూజు బాగుంది. ఒక్క వైపే వస్తే పోయింది. రెండు వైపులా రాకపోతే ఫ్యూజుకే కరెంటు అందడం లేదు, సమస్య ఇంకా వెనక ఉంది.

రంగు చూసి మార్చండి

మామూలు బ్లేడు ఫ్యూజుల్లో గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెలుపు 25, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. నెత్తిన అంకె కూడా ఉంటుంది. పోయినది ఎంతదో అంతదే పెట్టాలి. సైజులు కూడా వేరువేరు, కాబట్టి పోయినదాన్ని జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి.

దారిలో ఇరుక్కుంటే, అప్పటికి అక్కర్లేని వస్తువు ఫ్యూజు తీసి పెట్టుకోవచ్చు. నేను అదే చేశాను. వెనక అద్దానికి పట్టిన ఆవిరి పోగొట్టే డీఫాగర్‌ది కూడా పసుపు 20 ఆంపియర్లదే. తీసి వైపర్ల చోట పెట్టాను. వైపర్లు ఒక్క జానెడు కదిలాయి, అది కూడా పోయింది.

పక్కన మా బావమరిది, "సిగరెట్ పెట్టెలో వెండి కాయితం చుట్టీసి పెట్టేద్దుమా బావా? ఇంటికెల్లిపోతే చాలు కదా," అన్నాడు. వాడు మంచికే అన్నాడు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ పని ఎప్పుడూ చేయకండి. 20 ఆంపియర్లకి తెగాల్సిన చోట తెగనిది పెడితే, ఆ వేడంతా డాష్‌బోర్డు లోపలి వైరు మోస్తుంది. అది కార్పెట్ల మధ్య, ప్లాస్టిక్ మధ్య కాలుతుంది. పసుపు బదులు ఆకుపచ్చ పెట్టినా అదే ప్రమాదం. తక్కువది పెట్టొచ్చు. మహా అయితే మళ్లీ పోతుంది, కారు కాలదు.

ఎందుకు పోయింది?

బానెట్ ఎత్తి అద్దం కింది జాలీ దగ్గర టార్చి వేస్తే కారణం దొరికింది. అత్తవారింట్లో మూడు రోజులు కారు జీడిమామిడి చెట్టు కింద ఉంది. రాలిన ఆకులు వానకి నాని జాలీ లోపల ముద్దకట్టాయి. వాటి మధ్య వేలెడు పుల్ల ఒకటి వైపర్లను తిప్పే కడ్డీకి అడ్డుపడి బిగుసుకుపోయింది. మోటారు తిరగలేక మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగింది. అంటే ఫ్యూజు తన పని తాను చేసింది. ఆ పుల్ల తీయకుండా పది ఫ్యూజులు పెట్టినా పదీ పోయేవి.

మిగతా కారణాలు కూడా ఇలాగే చూస్తే కనబడేవే. ఛార్జింగ్ సాకెట్ పోతే ముందు లోపలికి తొంగి చూడండి. పిల్లలు వేసిన రూపాయి బిళ్ల ఉండొచ్చు. 120 వాట్ల గాలి పంపు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. అదే లైను మీద ఇంకోటి పెడితే 15 ఆంపియర్ల ఫ్యూజు హద్దు దాటడం పెద్ద కష్టం కాదు. బయట బిగించిన ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు సొంత రిలే, సొంత ఫ్యూజు లేకుండా పాత వైరుకే అతికిస్తే గొడవ ఖాయం.

పొలాల పక్క ఇళ్లవాళ్లు, ముఖ్యంగా వరి కోతలయ్యాక, బానెట్ కింద ఎలుకలు కొరికిన వైర్లు చూడండి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో రకం చిక్కు ఉంటుంది. ఫ్యూజు తీగ బాగానే ఉంటుంది గానీ కాళ్లకి పచ్చటి చిలుము పట్టి, ఒకసారి పనిచేసి ఒకసారి చేయదు. పీకి, సన్న గరుకు కాగితంతో రుద్ది పెడితే సరిపోతుంది. ఫ్యూజు పక్క ప్లాస్టిక్ కరిగి ఉంటే మాత్రం లోపలి క్లిప్పు వదులైనట్టు, దాన్ని మార్పించాలి.

ఏ కారణమూ కనబడకపోతే ఆ లైను మీదున్న వస్తువుల ప్లగ్గులన్నీ తీసి కొత్త ఫ్యూజు పెట్టండి. వెంటనే పోతే తప్పు వైరులోనే. నిలబడితే ఒక్కొక్కటి తగిలిస్తూ రండి. ఏది తగిలిస్తే పోతుందో దొంగ అదే. వైరులోనే తప్పు ఉంటే మంచి ఆటో ఎలక్ట్రీషియన్లు ఫ్యూజు బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి వైర్లు కదుపుతూ పోతారు. షార్ట్ (వైరు బాడీకి తగలడం) ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, తప్పున్న చోట చెయ్యి పడగానే ఆరిపోతుంది. ఒక్క ఫ్యూజు కూడా దండగ కాదు.

ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. బ్యాటరీ పక్కన బోల్టులతో బిగించిన పెద్ద ఫ్యూజులదీ అదే మాట.

మళ్లీ ఆ రాత్రికి వస్తే, పుల్ల తీసి, ఆకుల ముద్ద దోసిళ్లతో ఎత్తి పారేశాక వైపర్లను చేత్తో కదిపి చూశాం, తేలిగ్గా కదిలాయి. పసుపు ఫ్యూజులు ఇక లేవు. బాక్సు మూతలో స్పేరుగా నీలం 15 ఒకటి ఉంది. అది పెట్టి, వైపర్లు నెమ్మది స్పీడులోనే ఉంచి, నలభై దాటకుండా ఇల్లు చేరాం. మర్నాడు పసుపువి నాలుగు కొన్నాను. రెండు వాటి చోట్లలో పెట్టి, మిగతా రెండూ నీలం దాని పక్కన మూతలో గుచ్చాను.