టీచర్ల 50 గంటల శిక్షణ: పిల్లల చదువుకీ, సైన్సుకీ పనికొచ్చేలా వాడుకోవడం ఎలా

ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణలో పాల్గొనాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. నెల్లూరు, ప్రకాశం వైపు మన బడుల్లో ఆ గంటలు నిండడం కష్టమేమీ కాదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు, దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో కోర్సులు, వేసవిలో ఒక శిబిరం కలిస్తే యాభై దాటిపోతాయి. ఆ యాభై గంటల తర్వాత మూడో తరగతిలో చదవలేని పిల్ల చదవగలిగిందా, ఎనిమిదో తరగతిలో బోర్డు మీదే జరిగిన ప్రయోగం బల్ల మీదికి వచ్చిందా అన్నది అసలు ప్రశ్న. రాకపోతే ఆ సర్టిఫికెట్లకు విలువ లేదు. అందుకే ఏ కోర్సులు ఉన్నాయో వెతకడం కంటే ముందు మీ తరగతిలో ఏది తెగడం లేదో చూసుకోండి. చదవడంలో ఒకటి, సైన్సులో ఒకటి, ఏడాదికి రెండే సమస్యలు పెట్టుకోండి. చెరొకదానికి 20 గంటలు కేటాయించి, మిగతా 10 గంటలు తోటి టీచర్ల తరగతుల్లో కూర్చోవడానికి ఉంచుకోండి. ఈ చివరి పది గంటలే చాలామంది వదిలేస్తారు. నిజానికి ఎక్కువ నేర్పేవి అవే.

జూన్‌లో ముందు చేయాల్సింది: ఒక్క నిమిషం చదివించి చూడటం

బడి తెరిచిన రెండో వారంలో పదిమంది పిల్లల్ని ఒక్కొక్కరిగా చదివించండి. పిల్లలు చూడని 60 మాటల పేరా ఒకటి తీసుకోండి, కింది తరగతి స్థాయిది అయితే మంచిది. పెద్ద అక్షరాల్లో రెండు కాపీలు కావాలి. ఒకటి పిల్లకి, ఒకటి మీరు గీతలు పెట్టుకోవడానికి. ఫోనులో నిమిషం టైమర్ పెట్టి "నేను ఆపమనేదాకా చదువమ్మా" అనండి. మాట తప్పు చదివితే దాని మీద అడ్డగీత పెట్టండి. మూడు సెకన్లు ఆగిపోతే తర్వాతి మాట చూపించి, ఆగిన మాటను తప్పుగా లెక్కేయండి. నిమిషం కాగానే ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టండి. 41 మాటలు చదివి 6 తప్పితే లెక్క 35. తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి: రెండు పేరాలోనే జవాబున్నవి, ఒకటి "ఎందుకు" అన్నది, ఒకటి "నువ్వయితే ఏం చేస్తావు" అన్నది.

చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం పెట్టిన జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలి. అయితే తెలుగులో "చదువుకుంటున్నారంటే" అన్నది కూడా ఒకే మాట. ఇంగ్లీషు పేరాలో వచ్చిన అంకెతో తెలుగు అంకెను పోల్చకండి. మళ్ళీ పరీక్షించేటప్పుడు కూడా మాటల పొడవు దాదాపు మొదటి పేరాలో లాగే ఉండాలి. లేకపోతే పిల్ల మెరుగైందో, పేరా తేలికైందో తెలియదు.

ఇప్పుడు గీతలు పడ్డ మాటల్ని ఒక కాగితం మీద రాసి చూడండి. సంఖ్య కంటే ఇది ముఖ్యం. ప్రతి అక్షరం దగ్గరా ఆగే పిల్లకి గుణింతం ఇంకా చేతికి రాలేదు. గబగబా చదివి ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పలేని పిల్లకి కావాల్సింది మాటల అర్థం, కథలు వినడం. మధ్యలో ఉండే పెద్ద గుంపు వత్తుల దగ్గర తడబడేది. వాళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

"వస్తువు" అన్న మాటను చాలామంది పిల్లలు "వసుతవు" అని చదువుతారు. అది అజాగ్రత్త కాదు. "స్తు" రాసేటప్పుడు కొమ్ము స కి తగిలిస్తాం, త వత్తు కింద పెడతాం. పలికేటప్పుడు మాత్రం ఆ కొమ్ము త తర్వాత వస్తుంది. కంటికి కనిపించే వరుస వేరు, నోటికి వచ్చే వరుస వేరు. పిల్ల కంటికి కనిపించినట్టే చదువుతోంది. "మిత్రుడు" "మితురడు" అయ్యేది కూడా అందుకే. దీనికి తోడు గ, డ, ద వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఈ ఆరింటినీ విడిగా నేర్పాలి.

నేర్పే వరుస ఇది. మొదటి వారం ద్విత్వాలు: అమ్మ, బొమ్మ, కొమ్మ, అన్న, వెన్న, సున్న. రెండో వారం గుణింతం లేని సంయుక్తాలు: పుస్తకం, మస్తకం. మూడో వారం గుణింతంతో కలిసినవి: వస్తువు, బస్తీ, మిత్రుడు. మూడో వారంలో రెండు చీటీలు వాడండి. ఒకదాని మీద "స్", ఇంకోదాని మీద "తు". విడివిడిగా పలికించి, దగ్గరకు జరిపి కలిపి పలికించి, అప్పుడు "స్తు" రాసి చూపించండి. పలక మీద వత్తును వేరే రంగు సుద్దతో రాయించండి. మార్కాపురం పలకలు పుట్టిన ప్రాంతం మనది, ఇంట్లో ఒకటి దొరక్కపోదు. రోజుకు పది నిమిషాలు చాలు. అరగంట చేస్తే పిల్లలు విసిగిపోతారు, నాలుగో రోజుకు మీరూ వదిలేస్తారు.

చదివే పాఠం ఎక్కడిదన్నదీ ముఖ్యమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా తరగతుల్లో ఆడవాళ్లు తమ ఇంటి బాధ ఉన్న పాఠం చదివారు. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆ చదువు ఊతమైంది, 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది. తమ బతుకు కనిపించే అక్షరానికి అంత బలం ఉంటుంది. యానాది కాలనీ పిల్లలు, చేపల రేవు పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటలతో వాళ్ల చేతే నాలుగు వాక్యాలు చెప్పించి, మీరు చార్టు మీద రాసి, మర్నాడు అదే చదివించండి. వాళ్ల మాట తప్పని దిద్దకండి. బడి మాటను దాని పక్కన రాయండి. పిల్లలకు రెండూ కావాలి.

సాయం ఎక్కడ దొరుకుతుంది

సమస్య ఏమిటో కాగితం మీదికి వచ్చాక ఎక్కడికి వెళ్లాలో తేలిగ్గా తెలుస్తుంది. టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థలు (డైట్) ఉన్నాయి: నెల్లూరు వాళ్లకు పల్లిపాడు డైట్, ప్రకాశం వాళ్లకు మైనంపాడు డైట్. అక్కడి అధ్యాపకులను శిక్షణ రోజునే కాదు, మామూలు రోజున కూడా కలవచ్చు. "చదవడం మీద ట్రైనింగ్ ఉందా సార్" అని అడిగితే "వస్తే చెబుతాం" అంటారు. పిల్లల తప్పుల కాగితం ముందు పెట్టి "ఈ పదిమందికి ఏం చేయమంటారు సార్" అంటే గంట కూర్చుని మాట్లాడతారు. అక్కడ టీచరు చదువు చదువుతున్న ఛాత్రోపాధ్యాయులను మీ బడికి బోధనాభ్యాసానికి పంపమని కూడా హెచ్ఎం ద్వారా అడగండి.

కథల పుస్తకాలు లేవనుకోవద్దు. 2015లో మొదలైన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకునే హక్కుతో సహా. సైన్సుకు అరవింద్ గుప్తా చెత్తతో చేసిన బొమ్మలు, 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, కుప్పం దగ్గర చేతులతో చేయించి సైన్సు నేర్పే అగస్త్య ఫౌండేషన్ ఉన్నాయి. మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ శిక్షణలకు సాధారణంగా రాష్ట్రం నుంచే పేర్లు వెళ్తాయి, కాబట్టి మీ ఆసక్తిని ముందే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి రాసి ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకానికి ఆరో తరగతి నుంచి పై తరగతుల పిల్లల ఆలోచనలు పంపితే, ఎంపికైన పిల్లకి 10,000 రూపాయలు వస్తాయి. ఆ ఆలోచనను పిల్ల చేత పుట్టించడమే టీచరుకు పెద్ద శిక్షణ.

దీక్షాలో నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కోర్సులు చేసేవాళ్లు మూడు చోట్ల దెబ్బతింటారు. ప్రొఫైల్‌లో పేరు ఎలా ఉంటే సర్టిఫికెట్ మీద అలాగే వస్తుంది, కాబట్టి కోర్సులో చేరకముందే సర్వీసు రిజిస్టర్‌లో ఉన్నట్టు దిద్దుకోండి. వీడియోను చివరిదాకా ఆడించకుండా జరిపేస్తే పూర్తయినట్టు నమోదు కాదు. ఇక పరీక్షలో మామూలుగా 70 శాతం కావాలి, అవకాశాలు కొన్నే ఉంటాయి, కాబట్టి సిగ్నల్ బాగున్న చోట కూర్చునే మొదలుపెట్టండి. వారానికి ఒక్క మాడ్యూలే చేయండి. ఆదివారం ఒక్కరోజే ఆరు మాడ్యూళ్లు చూస్తే సోమవారం తరగతిలోకి ఒక్కటీ రాదు.

సైన్సు: ముందు మన చేతులతో

శిక్షణలో చూసిన ప్రయోగం తరగతిలో చెడిపోతే చాలామంది టీచర్లు మళ్ళీ ఆ జోలికి పోరు. పిల్లల ముందు చేసే ప్రయోగాన్ని ముందు కనీసం రెండుసార్లు, బడిలో ఉండే నీళ్లతో, బడిలో ఉండే గ్లాసులతో చేసి చూడాలి. నీళ్ల సంగతి ఎందుకు ప్రత్యేకంగా చెబుతున్నామో ఈ ఆమ్లక్షార ప్రయోగంలో తెలుస్తుంది.

ముదురు ఎరుపు ఒంటిరేక మందారాలు ఐదు తీసుకోండి. పసుపు, తెలుపు మందారాలు పనికిరావు. రేకలు మాత్రం చిదిమి 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి గుడ్డతో వడకట్టండి. ఇంకోవైపు పసుపును నీళ్లతో ముద్ద చేసి తెల్ల కాగితానికి పూసి, నీడన ఆరబెట్టి, వేలెడు ముక్కలు కత్తిరించండి. పరీక్షించడానికి నిమ్మరసం, మజ్జిగ తేట, వంటసోడా నీళ్లు, సబ్బు నీళ్లు, సున్నపు తేట, కుంకుడు రసం సిద్ధం చేసుకోండి. సున్నపు తేట టీచరు చేతిలోనే ఉండాలి, కంట్లో పడితే ప్రమాదం. చిన్న గాజు గ్లాసులో రెండు చెంచాల మందార రసం పోసి, వెనక తెల్ల కాగితం పెట్టి, ఒక్కోదానిలో పది చుక్కలు వేయండి. ఆమ్లంలో ముదురు గులాబీ రంగు, క్షారంలో ఆకుపచ్చ రావాలి.

కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లతో చేస్తే ఏమీ కలపకముందే రసం నీలంగానో పచ్చగానో మారిపోవచ్చు. ఆ ప్రాంతపు భూగర్భ జలాల్లో బైకార్బొనేటు ఎక్కువ, నీళ్లే కొంచెం క్షారంగా ఉంటాయి. అది తెలియని టీచరు పూలు మంచివి కావనుకుని ఆపేస్తారు. పట్టిన వాననీళ్లతోనో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనో రసం తీసి పక్కన పెట్టి చూడండి, తేడా కళ్లముందే ఉంటుంది. ఆ తేడానే పాఠంగా మార్చండి. ఒక్క జాగ్రత్త: రంగు మారిందంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని పిల్లలకు చెప్పకండి. ఈ రసం ఫ్లోరైడ్‌ను పట్టుకోలేదు. దానికి విడిగా పరీక్ష చేయించాలి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అని భారత ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట ప్రతి పిల్లా ఇంటికి తీసుకువెళ్లాలి.

రెండో మలుపు కుంకుడు రసం. నురగ వస్తుంది కాబట్టి సబ్బులాగే క్షారం అని పిల్లలు, టీచర్లు కూడా ముందే చెప్పేస్తారు. పసుపు కాగితం సబ్బు నీళ్లలో ఎర్రబడుతుంది, కుంకుడు రసంలో ఎర్రబడదు. అప్పుడు "అయితే తటస్థం" అంటారు. పసుపు క్షారాన్నే చూపిస్తుంది, ఆమ్లానికీ తటస్థానికీ తేడా చెప్పలేదు. మందార రసంలో వేసి చూస్తే గులాబీ వైపు తిరుగుతుంది. కుంకుడు కొద్దిగా ఆమ్లం. ఇక్కడా వాననీళ్లే వాడండి, గట్టి బోరు నీళ్లు ఆ కొద్ది ఆమ్లాన్ని మింగేస్తాయి.

ప్రయోగానికి ముందు ప్రతి పిల్లా నోటుబుక్కులో ఒక వాక్యం రాయాలి: ఏమవుతుందనుకుంటున్నాను, ఎందుకు. తర్వాత ఇంకో రెండు: ఏం చూశాను, నేను అనుకున్నదానికి తేడా ఏమిటి. సైన్సు, చదువు కలిసేది ఈ మూడు వాక్యాల్లోనే. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా. ముందు తెలుగు పేజీ చదివించి, ప్రయోగం చేసి, మూడు వాక్యాలు తెలుగులో రాయించాక ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. అప్పుడు "ఇండికేటర్" అనే మాట వెనక పిల్లకి మందారం కనిపిస్తుంది.

కాంప్లెక్స్ సమావేశంలో 90 నిమిషాలు

సమావేశం పూటంతా యాప్‌ల వివరాలకీ, సర్క్యులర్లకీ పోతుందన్న బాధ నిజమే. కాంప్లెక్స్ హెచ్ఎం గారిని 90 నిమిషాలు మాత్రం విడిగా అడగండి. మొదటి 15 నిమిషాలు ప్రతి బడి నుంచి రెండేసి నోటుబుక్కులు చూడటం. తర్వాత 40 నిమిషాలు ప్రయోగం, నలుగురికి ఒక సెట్టు చొప్పున. ఒకరే ముందు నిలబడి చేస్తే మిగతావాళ్లు చూసేవాళ్లుగానే మిగిలిపోతారు. 20 నిమిషాలు ఒక టీచరు అదే పాఠం తోటివాళ్లకు చెప్పడం. చివరి 15 నిమిషాలు ఎవరు ఏ తేదీన తరగతిలో చేస్తారో, ఎవరు వచ్చి చూస్తారో రాసుకోవడం. తేదీ రాయకపోతే అది జరగదు.

చూడటానికి వెళ్లినవాళ్లు మంచిచెడ్డలు రాయకూడదు, లెక్కలు రాయాలి. 15 నిమిషాల్లో ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎంతమంది వేర్వేరు పిల్లలు జవాబు చెప్పారు, వెనక బెంచీ నుంచి ఎందరు, ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో చూసినప్పుడు టీచర్లు దాదాపు ఒక్క సెకనే ఆగుతున్నారు. మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు తరగతిలో చాలా పొడవుగా అనిపిస్తాయి, మనసులో లెక్కపెట్టుకోవాల్సిందే.

సింగిల్ టీచర్ బడిలో ఉన్నవాళ్లు వేరే బడికి వెళ్లలేరు. వాళ్లు మొక్కల దగ్గరో, గోడ పక్కనో ఫోను పెట్టి తమ పాఠాన్నే 15 నిమిషాలు ఆడియో రికార్డు చేసుకుని, సాయంత్రం అవే లెక్కలు తీయవచ్చు. పిల్లల గొంతులు ఉంటాయి కాబట్టి ఎవరికీ పంపకండి, లెక్క తీశాక చెరిపేయండి.

ఫిబ్రవరి నుంచి పరీక్షలు, మార్చి మధ్యలో ఒంటిపూట బడులు. కాబట్టి అసలు పని జూన్ నుంచి జనవరి దాకానే. ఎనిమిది వారాలకోసారి అదే పదిమంది పిల్లల్ని కొత్త పేరాతో చదివించండి. వత్తుల తప్పులు తగ్గి అర్థం ప్రశ్నలు అలాగే ఉంటే, మిగిలిన గంటల్ని కథలు వినిపించడం మీదికి మార్చుకోండి. తప్పులు కూడా తగ్గకపోతే స్, తు చీటీల దగ్గరికి మళ్ళీ వెళ్లాలి.