స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్: మొదటి వారంలోనే కళ్లను కాపాడుకోవాలి

కొత్త మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు జ్వరం, గొంతు మంట, కళ్లు ఎర్రబడటం, ఆపైన ఒకటి రెండు రోజుల్లో ఒంటి మీద ముట్టుకుంటే నొప్పెట్టే మచ్చలు... ఈ వరుసలో కనిపిస్తే అది స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు, అంటే ఎక్కువగా మందు పడక చర్మం, నోరు, కళ్ల పైపొర ఊడిపోయే ప్రాణాంతక జబ్బు. ఆలస్యం చేయకండి. అమ్మవారు పోసిందని వేపాకు పరిచి ఇంట్లోనే ఉంచడం, కళ్లకలకేనని మందుల షాపులో చుక్కలు కొని వేయడం వల్ల చికిత్సకు అసలైన రోజులు చేజారిపోతాయి. తేడా ఇలా పట్టుకోవచ్చు. అమ్మవారిలో నీటి పొక్కులు విడివిడిగా లేస్తాయి, దురద పెడతాయి. ఇందులో మచ్చ నడుమ ముదురు రంగు ఉంటుంది, చర్మం మండుతుంది, పెదవులు పుండుపడి రక్తపు పెచ్చులు కడతాయి, మూత్రం పోస్తే మంట పుడుతుంది.

మొదట చేయాల్సింది అనుమానం ఉన్న మందు ఆపడం. గత రెండు నెలల్లో వాడినవన్నీ, ఊళ్లో ఆర్ఎంపీ వేసిన సూదితో సహా, ఏ తేదీన మొదలైందో కాగితం మీద రాసి, ఖాళీ స్ట్రిప్పులతో పాటు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్కువగా కారణమయ్యేవి ఇవీ: ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కి ఇచ్చే అలోప్యూరినాల్, కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందులు, హెచ్ఐవీకి వాడే నెవిరపైన్, నొప్పులకు వాడే పైరాక్సికామ్, మెలాక్సికామ్. ఫిట్స్ మందు ఆపేటప్పుడు దాని బదులు మరొకటి ఆ రోజే మొదలు కావాలి, లేకపోతే ఫిట్స్ తిరగబెడతాయి. ఫెనిటాయిన్ పడనివారికి కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కూడా పడకపోవచ్చు. అందుకే డాక్టర్లు సాధారణంగా లెవెటిరాసిటామ్ వైపు వెళ్తారు. పిల్లల్లో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఇలాంటి పుండ్లు వస్తాయి కాబట్టి, ఏ మందూ వాడలేదు కదా అని కొట్టిపారేయకూడదు.

చర్మం ఎంత ఊడిందో రోగి అరచేతితోనే కొలుస్తారు. వేళ్లతో కలిపి అరచేయి ఒంట్లో సుమారు 1 శాతం. 10 శాతం లోపైతే స్టీవెన్స్ జాన్సన్, 30 దాటితే దీని తీవ్ర రూపమైన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్, మధ్యలో ఉంటే రెండూ కలిసినట్టు. వయసు, గుండె వేగం, యూరియా, షుగర్, బైకార్బొనేట్ వంటి ఏడు అంశాలతో ప్రాణాపాయం ఎంతో చెప్పే స్కోర్టెన్ లెక్క వేస్తారు. స్కోరు ఒకటి లోపుంటే ప్రమాదం తక్కువ, మూడు దాటితే చాలా ఎక్కువ. ఐసీయూ లేదా కాలిన గాయాల వార్డు అవసరమా అన్నది దీన్నిబట్టే తేలుతుంది. రోగనిరోధక ప్రతిచర్యను అణిచే సైక్లోస్పోరిన్ ఇస్తే సాధారణంగా కిలోకి రోజుకి 3 నుంచి 5 మి.గ్రా. చొప్పున వారం పది రోజులు ఇస్తారు. అన్ని రోజులూ బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ ఉండాలి. గది వెచ్చగా ఉండాలి. ప్లాస్టర్ టేపు అంటించకూడదు, తీసేటప్పుడు చర్మం దానితోపాటు లేచి వస్తుంది. సల్ఫా మీద అనుమానముంటే కాలిన గాయాలకు పూసే సిల్వర్ సల్ఫాడయజైన్ క్రీము వద్దని గట్టిగా చెప్పండి.

ఇక కళ్లు. చర్మం చాలావరకు కొన్ని వారాల్లో మానుతుంది, కంటి దెబ్బ మాత్రం జీవితాంతం వెంటాడవచ్చు. ఒంటి మీద పుండ్లు తక్కువున్నవాళ్లకి కూడా కళ్లు తీవ్రంగా దెబ్బతినవచ్చు. అందుకే చేర్చుకునేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కంటి డాక్టరు ఇవాళే వచ్చి, ఆ తర్వాత రోజూ మంచం దగ్గరే చూస్తారా? ‘జ్వరం తగ్గాక చూపిద్దాం’ అనే జవాబుకు ఒప్పుకోవద్దు.

పరీక్ష ఎలా చేయాలంటే, ఫ్లోరెసిన్ అనే రంగు అద్దిన కాగితపు కొనను తడిపి రెప్ప లోపల తాకించి నీలి వెలుతురులో చూస్తారు. పైపొర ఊడినచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. నల్లగుడ్డు మీదే కాదు, పై రెప్ప తిరగేసి, కింది రెప్ప లాగి, రెప్ప అంచు పొడవునా చూడాలి. చాలామంది వదిలేసేది ఆ అంచునే. అక్కడ పుండు మానే క్రమంలో మెత్తని తడి పొర స్థానంలో గరుకు చర్మం ఏర్పడుతుంది. ఆ గరుకు రెప్ప వాల్చిన ప్రతిసారీ నల్లగుడ్డును గీరుతుంది. ఏళ్ల తర్వాత చూపు పోవడానికి పెద్ద కారణం ఇదే.

రెప్ప అంచులో మూడో వంతు కంటే ఎక్కువ మెరిసినా, తెల్లగుడ్డు పొర మీద సెంటీమీటరు దాటిన పుండు కనిపించినా, నల్లగుడ్డు పైపొర ఊడినా ఉమ్మనీటి సంచి పొర వేయాలి. బిడ్డ పుట్టాక దానం చేసిన మాయ నుంచి తీసి ఐ బ్యాంకులు దీన్ని సిద్ధం చేస్తాయి. పై రెప్ప అంచు నుంచి లోపలి మడతల మీదుగా కింది రెప్ప అంచు దాకా పరచాలి, నల్లగుడ్డు మీద మాత్రమే వేస్తే చాలదు. సెలైన్ గొట్టం ముక్కను వలయంగా వంచి లోపల పెడితే పొర మడతల్లో నిలుస్తుంది. కదల్చలేని రోగికి ఐసీయూలోనే, కుట్లు లేకుండా జిగురుతో కూడా అమర్చవచ్చు. జబ్బు మొదలైన వారం లోపే ఇది జరగాలి, ఎంత ముందైతే అంత మేలు. రెప్ప, కనుగుడ్డు ఒకదానికొకటి అతుక్కుపోయాక వేస్తే ఆ ఫలితం రాదు. పొర కరిగిపోయి వాపు ఇంకా ఉంటే మళ్లీ వేస్తారు. దీనితోపాటు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు గంటకో రెండు గంటలకో, యాంటీబయాటిక్ చుక్కలు, డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ చుక్కలు నడవాలి.

డిశ్చార్జ్ అయ్యాక మొదటి రెండు మూడు నెలలు తరచూ, ఆపైన ఏళ్ల తరబడి చూపిస్తూ ఉండాలి. కన్ను తెల్లగా ఉందని మానేయవద్దు. వెలుతురు చూడలేకపోవడం, ఇసుక పడ్డట్టు గుచ్చుకోవడం మొదలైతే రెప్ప అంచు గరుకెక్కిందేమో చూడాలి. గరుకెక్కితే పెదవి లోపలి పొరను కత్తిరించి రెప్ప అంచుకు అతుకుతారు. పిల్లల్లో నల్లగుడ్డు చెడకముందే చేయించడం మంచిది. నల్లగుడ్డును తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్, అంటే స్క్లెరల్ లెన్స్ వల్ల చాలామంది మళ్లీ చదవగలుగుతున్నారు. దాన్ని ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో నింపి పెట్టుకుని, రాత్రి తీసేయాలి. కుళాయి నీళ్లు తగలనివ్వకూడదు, నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల ఇన్ఫెక్షన్ రావచ్చు. మామూలు కార్నియా (నల్లగుడ్డు) మార్పిడికి తొందరపడవద్దు. తడి లేని కంట్లో, పైపొరను తిరిగి పుట్టించే మూలకణాలు పోయినచోట ఆ అతుకు సాధారణంగా నిలవదు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఈ జబ్బును ప్రత్యేకంగా చూసే కార్నియా నిపుణులుంటారు. డిశ్చార్జ్ కాగితాలన్నీ పట్టుకెళ్లండి.

పడని మందు జనరిక్ పేరు పెద్ద అక్షరాలతో కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఒకే మందు ఎన్నో బ్రాండ్ల కింద అమ్ముతారు కాబట్టి బ్రాండ్ పేరొక్కటే రాస్తే ఉపయోగం లేదు. ‘కొంచెం వేసి చూద్దాం’ అని ఎవరన్నా ఆ మందు జోలికి వెళ్లవద్దు. అదే మందు తోబుట్టువులకి, పిల్లలకి రాసేటప్పుడు డాక్టరుకి ఈ సంగతి చెప్పాలి. కార్బమజెపైన్ మొదలుపెట్టే ముందు చేయించదగ్గ హెచ్ఎల్ఏ రక్త పరీక్ష ఉంది, ఈ జబ్బు ముప్పు పెంచే జన్యువు ఉందేమో అది చెబుతుంది. మందు పడలేదన్న రిపోర్టును ఆసుపత్రి వాళ్లు పంపారో లేదో అడిగి, పంపకపోతే మీరే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే భారత ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కి ఫోన్ చేసి మందు పేరు నమోదు చేయించండి.