యానాంలో దీపాల వేళ, మాహేలో ఇంకా ఎండ

పుదుచ్చేరి ప్రభుత్వ ఉద్యోగులకి యానాం నుంచి కేరళ తీరంలో ఉన్న మాహేకి బదిలీ అవడం మామూలే. మా ఆయనకీ అలాగే వచ్చింది, పిల్లల్ని తీసుకుని నేనూ వెళ్లాను. రెండు ఊళ్లకీ గడియారం ఒకటే అయినా పొద్దు పొడిచేదీ వాలేదీ వేరు. సామాను కట్టేముందే ఈ లెక్క చూసుకోండి, పిల్లల ట్యూషన్ల దగ్గర్నుంచి పూజల దాకా అన్నీ కుదురుకుంటాయి.

ఫోన్లో మ్యాప్ తెరిచి ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలొస్తాయి. రెండోది రేఖాంశం. యానాం 82.2, మాహే 75.5. మన దేశం టైము 82.5 డిగ్రీల మీద పెట్టారు. ఆ గీత కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి యానాంలో సూర్యుడూ గోడ గడియారమూ దాదాపు కలిసే నడుస్తాయి. పడమటికి వెళ్లేకొద్దీ డిగ్రీకి 4 నిమిషాలు కలపాలి. మాహే 7 డిగ్రీలు వెనక, అంటే అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం కంటే 28 నిమిషాలు ఆలస్యం.

ఇక్కడితో ఆగితే లెక్క సగమే. మాహే మనకన్నా 5 డిగ్రీలు దక్షిణాన కూడా ఉంది, అందుకని ఈ తేడా కాలాన్ని బట్టి మారుతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో యానాంలో 6:25కి తెల్లవారితే మాహేలో 6:43కి. సాయంత్రం యానాంలో 5:33కే పొద్దు వాలిపోతుంది, మాహేలో 6:09 దాకా ఉంటుంది. జూన్లో తిరగబడుతుంది: ఉదయం తేడా 36 నిమిషాలు, సాయంత్రం 17. చలికాలంలో అత్తయ్యగారు దీపం పెట్టి ఫోన్ చేసేసరికి మా పిల్లలు ఇంకా ఎండలో ఆడుకుంటూ ఉండేవాళ్లు. మీరూ ఇంటికి ఫోన్ టైము పెట్టుకునేటప్పుడు ఈ సంగతి చూసుకోండి.

రాహుకాలం పాటించేవాళ్లు యానాం క్యాలెండర్ గోడకి తగిలించి దాన్నే నమ్మకండి. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేసి, సోమవారమైతే రెండోది తీసుకోవాలి. పైన చెప్పిన డిసెంబరు లెక్కన అది యానాంలో 7:48కి, మాహేలో 8:09కి మొదలవుతుంది.

విదేశీ ఫోన్లు రెండు ఊళ్లలోనూ ఉంటాయి. దుబాయ్ మనకి గంటన్నర వెనక, కువైట్ రెండున్నర. యానాం, మాహే రెండూ ఒకప్పటి ఫ్రెంచి ఊళ్లే కాబట్టి పారిస్‌లో చుట్టాలున్నవాళ్లూ కనిపిస్తారు. ఆ లెక్క ఏడాదికి రెండుసార్లు మారుతుంది: మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా మూడున్నర గంటలు, తక్కిన కాలం నాలుగున్నర.

ఇక ఊరి తీరు. యానాం గోదావరి ఊరు, వరద నీరొస్తే పులస కోసం తెల్లారకుండానే బేరాలు మొదలవుతాయి. ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది, అమ్మే ఆడవాళ్ల గొంతు సందు చివరిదాకా వినిపిస్తుంది. మాహే తొమ్మిది చదరపు కిలోమీటర్ల మలయాళీ ఊరు, నదీ సముద్రమూ కలిసేచోట. మత్తి (సార్డిన్) చేప చవక, చాలా రుచి. మెయిన్ రోడ్డు పొడవునా మద్యం షాపులే, పక్కన కేరళ కంటే ధర తక్కువ మరి. పిల్లలున్నవాళ్లు అద్దె ఇల్లు లోపలి వీధుల్లో చూసుకోవడమే నయం. అక్టోబరు 14, 15 తేదీల్లో సెయింట్ థెరిసా తిరునాళ్లకి జనం విపరీతంగా వస్తారు, ఆ రోజుల్లో సామాను లారీ పెట్టుకోకండి.

వానలు అన్నిటికన్నా ముఖ్యం. మన దగ్గర భయమంతా అక్టోబరు, నవంబరు తుపాన్లకే. అక్కడ జూన్ మొదలవగానే విడవకుండా కురుస్తుంది, బట్టలు ఆరవు, పప్పులు చెమ్మగిల్లుతాయి. ఆవకాయ, వడియాలు మే ఎండల్లో యానాంలోనే పెట్టి, గట్టి మూతల డబ్బాల్లో పట్టుకెళ్లండి.