లోహపు నేలల్లో మొక్కలు – నాలుగో పాఠం: గరిక వేరును కొలవడం

గత పాఠాన్ని కొండపల్లి కొండల దగ్గర ఆపాం. అక్కడ క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం ఉంది. అలాంటి రాళ్లు శిథిలమై ఏర్పడే మట్టిలో సాధారణంగా నికెల్, క్రోమియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయని చెప్పుకున్నాం. అటువంటి చోట పచ్చగా ఉన్న మొక్కను చూసినప్పుడు ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ మొక్క అక్కడి మట్టికి అలవాటు పడి బతుకుతోందా, లేక పుట్టుకతోనే ఆ శక్తిని తెచ్చుకుందా? చూసి చెప్పడం కుదరదు, కొలవాల్సిందే. విజయవాడలో ఇంటి వరండాలో కూర్చుని కొలవవచ్చు.

ఆకును కాదు, వేరును కొలుస్తాం. లోహం ఎక్కువైతే మొదట దెబ్బతినేది వేరు కొస. ఆకు ఇంకా నిగనిగలాడుతూ ఉండగానే కింద వేరు సాగడం మానేస్తుంది. ఈ సంగతిని ఆధారం చేసుకుని విల్కిన్స్ అనే శాస్త్రవేత్త 1957లో ఒక పద్ధతిని ప్రకటించారు. లోహం కలిపిన నీటిలో వేరు ఎంత సాగింది, కలపని నీటిలో ఎంత సాగింది, ఈ రెండింటి నిష్పత్తి ఎంత? అప్పటికి ఐదేళ్ల క్రితమే, 1952లో, బ్రాడ్‌షా అనే మరో శాస్త్రవేత్త ఒక విషయం బయటపెట్టారు. బ్రిటన్‌లో పాత సీసపు గని మట్టి మీద పెరిగే గడ్డి, పక్క పచ్చికలోని అదే జాతి గడ్డి ఆ మట్టిలో ఒకేలా ప్రవర్తించవని. జాతి ఒకటే, శక్తి వేరు.

మనకు గరిక చాలు. వినాయక చవితికి బుట్టలతో అమ్మే ఆ గరికే. కణుపు కణుపుకూ వేరు వేయగలదు కాబట్టి ఈ పనికి ఇంతకన్నా మంచి మొక్క మన ప్రాంతంలో నాకు కనబడలేదు. గనుల దాకా వెళ్లనక్కరలేదు, కొండపల్లి అడవిలో అనుమతి లేకుండా ఏదీ పీకకూడదు కూడా. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి పొలాల మీదుగా బయలుదేరే కరెంటు టవర్లను చూడండి. ఇనుముకు తుప్పు పట్టకుండా వాటికి జింక్ పూత ఉంటుంది. ప్రతి వానకూ ఆ జింక్ కొద్దికొద్దిగా కొట్టుకుపోయి కింది మట్టిలోకి దిగుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి టవర్ల కింద పెరిగే గడ్డిని పరీక్షించి 1988లో ఫలితాలు ప్రకటించారు. టవర్లు నిలబెట్టిన కొన్ని దశాబ్దాల్లోనే వాటి కింది గడ్డికి జింక్‌ను తట్టుకునే శక్తి వచ్చింది, పక్క పొలంలోని గడ్డికి లేదు. అయితే ప్రతి టవరు కిందా, ప్రతి గడ్డిజాతిలోనూ అలా జరగలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరమవుతుంది.

సేకరణలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గరిక తీగ పాకుతుంది కాబట్టి రెండు గజాల మేర పరుచుకున్న గరికంతా ఒకే మొక్క కావచ్చు. అక్కడ ఇరవై ముక్కలు కోసుకుంటే ఇరవై మొక్కలను కొలిచినట్టు కాదు, ఒకే మొక్కను ఇరవైసార్లు కొలిచినట్టు. అందుకే ఒక్క టవరుతో సరిపెట్టకండి. ఆరు టవర్ల దగ్గర ఒక్కో గుత్తి తీసుకోండి. టవర్లకు కనీసం వంద అడుగుల దూరంలో, పొలం గట్ల మీద మరో ఆరు గుత్తులు తీసుకోండి. పొలం యజమానిని అడిగి వెళ్లండి. టవరు కాళ్లను తాకవద్దు, వాన పడుతున్నప్పుడు అటువైపు పోవద్దు.

తెచ్చిన గరికను వెంటనే పరీక్షకు పెట్టకూడదు. ఈ పాఠానికి కీలకం ఇదే. టవరు కింద పెరిగిన తీగలో ఆ మట్టి తాలూకు జింక్ ఇంకా ఉంటుంది, ఆ మట్టిలో పెరిగిన అలవాటూ ఉంటుంది. పన్నెండు గుత్తులనూ పన్నెండు కుండీల్లో ఒకే ఒండ్రుమట్టిలో నాటి రెండు మూడు నెలలు పెంచండి. కుండీ మీద పేరు రాయండి. కొత్తగా సాగిన తీగల నుంచే ముక్కలు కోయండి. అలవాటు వల్ల వచ్చిన తేడా ఈ గడువులో చాలావరకు కరిగిపోతుంది. ఇంకా మిగిలిన తేడా ఆ మొక్క జన్యువుల్లోనిదని అనుకోవడానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

ఇక ద్రావణాలు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ పది లీటర్లు తీసుకోండి. ఎరువుల దుకాణంలో దొరికే కాల్షియం నైట్రేట్ ఐదు గ్రాములు అందులో కలపండి. కాల్షియం బొత్తిగా లేని నీటిలో లోహం లేకపోయినా వేరు సరిగా పెరగదు, అందుకే ఇది. వరి రైతులు వాడే జింక్ సల్ఫేట్ పది గ్రాములను వేరే సీసాలో లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. దాని నుంచి సిరంజితో 5 మి.లీ. తీసి ఒక లీటరు కాల్షియం నీటిలో కలిపితే, 21 శాతం జింక్ ఉన్న మందుకు, లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల జింక్ వస్తుంది.

పోషణ కోసమని ఫాస్ఫేట్ ఎరువైన డీఏపీ మాత్రం కలపకండి. మొదటిసారి నేను కలిపాను. రెండో రోజుకు గ్లాసు అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది. ఫాస్ఫేట్ జింక్‌ను పట్టుకుని కిందికి దింపేసింది. పొలం గరిక, టవరు గరిక సమానంగా వేళ్లు వేశాయి. పది రోజుల శ్రమ వృథా అయింది.

ఒక్కో కుండీ నుంచి రెండు కణుపులున్న ముక్కలు ఆరు కోయండి. కింది కణుపు దగ్గర పాత వేర్లుంటే గోరుతో తీసేయండి. మూడు ముక్కలు జింక్ నీటిలో, మూడు మామూలు కాల్షియం నీటిలో. థర్మకోల్ బిళ్లకు చిల్లు పెట్టి ముక్కను దూరిస్తే కింది కణుపు మాత్రమే మునుగుతుంది. ప్లాస్టిక్ గ్లాసులు వాడండి, బయట నల్ల కాగితం చుట్టండి. మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. రోహిణి కార్తెలో మొదలుపెట్టవద్దు, గ్లాసులో నీళ్లు వేడెక్కి వేర్లు కుళ్లిపోతాయి.

పన్నెండో రోజున ముక్కను నల్లటి పలక మీద పెట్టి చూడండి. మామూలు నీటిలోని వేరు తెల్లగా, దారంలా, కొస దగ్గర సన్నని నూగుతో ఉంటుంది. జింక్ దెబ్బ తిన్న వేరు పొట్టిగా, లావుగా, కొస దగ్గర గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ప్రతి ముక్కలో అన్నిటికన్నా పొడవైన వేరును మిల్లీమీటర్లలో రాసుకోండి.

లెక్క అభ్యాసానికి నేను వేసిన అంకెలు చూడండి. పొలం గరిక వేరు సగటున మామూలు నీటిలో 42 మి.మీ., జింక్ నీటిలో 13. పదమూడును నలభై రెండుతో భాగించి నూరుతో గుణిస్తే 31. జింక్‌ను తట్టుకునే శక్తికి ఇదే సూచిక. టవరు గరిక మామూలు నీటిలో 38, జింక్‌లో 27. సూచిక 71. జింక్ నీటిలోని 13, 27లనే పోల్చి ఊరుకోకూడదు. కొన్ని మొక్కలు స్వభావరీత్యా నెమ్మదిగా వేరు వేస్తాయి, భాగహారం ఆ తేడాను తీసేస్తుంది. పొలం గరిక సూచికే 90 దాటితే జింక్ చాలలేదని అర్థం. మోతాదు పెంచి మళ్లీ చేయండి.

రెండింటికీ తేడా రాకపోతే నిరాశపడకండి. మన నల్లరేగడి క్షారగుణం కలది, అందులో జింక్ బిగుసుకుపోతుంది. వరికి జింక్ లోపం వచ్చి మందు వేయవలసి రావడానికి ఇదీ ఒక కారణం. టవరు నుంచి దిగిన జింక్ మట్టిలోనే చిక్కుకుంటే గడ్డి మీద ఒత్తిడి ఉండదు, మార్పూ ఉండదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. లోహం మొక్కకు ఏమీ నేర్పదు. బ్రిటన్‌లో మామూలు పచ్చిక విత్తనాలను రాగి గని మట్టిలో చల్లి చూశారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి, వెయ్యిలో ఒకటీ రెండూ నిలిచాయి. ఆ శక్తి మట్టి తగలకముందే వాటిలో ఉంది, మట్టి జల్లెడలా పనిచేసింది. ఆ ఒకటీ రెండూ లేని జాతి ఆ నేల మీద ఎన్నేళ్లయినా నిలవదు. ఆ శక్తికి ఖర్చూ ఉంది. మంచి నేలలో అలాంటి మొక్కలు సాధారణంగా పక్కవాటి పోటీకి తట్టుకోలేవు. అందుకే గని హద్దు దాటిన కొద్ది మీటర్లకే అవి పలచబడతాయి.

జన్యువులో జరిగేదేమిటో ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ హల్లెరి చూపించింది. వేరు నుంచి ఆకుకు జింక్‌ను తోడిపోసే హెచ్‌ఎంఏ4 అనే జన్యువు దాని బంధువుల్లో ఒకటే ఉంటే, దీనిలో మూడు ప్రతులున్నాయి, ఒక్కొక్కటీ మరింత బలంగా పనిచేస్తుంది. 2008లో ఈ విషయం తేలింది. కొత్త జన్యువేదీ పుట్టలేదు, ఉన్నదే పెరిగింది. ఆ ప్రతులు ఎలా ఏర్పడతాయో వచ్చే పాఠంలో చూద్దాం.

వాడిన జింక్ నీటిని కాలువలోనో చేపల చెరువులోనో పారబోయకండి. వెడల్పు బేసిన్‌లో పోసి, పిల్లలకు, పశువులకు అందనిచోట ఎండనిచ్చి, మిగిలిన పొడిని సీసాలో దాచండి. కుండీల్లోని గరికను మాత్రం పారేయకండి, పేర్లతో సహా అలాగే ఉంచి నీళ్లు పోస్తూ ఉండండి. వచ్చే పాఠంలో దాని కంకుల నుంచే విత్తనం తీస్తాం.