‘టీనేజ్’ అని కొడితే దొరకలేదు

డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టుకి బాల్య వివాహాల టాపిక్ తీసుకున్నాను. ఇంటర్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి సంక్రాంతి సెలవులకని ఊరెళ్లి మళ్లీ రాలేదు, పెళ్లి చేసేశారు. ఆ ఖాళీ బెంచీ నాకింకా గుర్తే.

వారం పాటు ఫోన్‌లో ‘టీనేజ్ ప్రాబ్లమ్స్’ అని వెతికితే పేపర్ కటింగులే వచ్చాయి. చివరికి కాలేజీ లైబ్రరీకి వెళ్లాను. లైబ్రేరియన్ మేడమ్ ఎన్‌-లిస్ట్ (కాలేజీలకు ఆన్‌లైన్‌లో జర్నళ్లు అందించే సర్వీసు) లాగిన్ ఇప్పించి, నేను కొట్టిన మాట చూసి, “‘అడాలసెంట్’ అని కొట్టమ్మా, పరిశోధకులు వాడే మాట అది” అన్నారు. అంతే, జర్నల్ వ్యాసాలు వరసగా వచ్చాయి. మన యూనివర్సిటీల థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ థీసిస్‌లు కూడా దొరికాయి. వాటికి లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. థీసిస్ చివర ఉండే ప్రశ్నావళిని తప్పక చూడండి. సర్వేలో ఏం అడగాలో నాకు అక్కడే తెలిసింది.

అసలు తప్పు ఇంకోటి. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం టీనేజీ అమ్మాయిలకు పెళ్లయిందని రాసేశాను. మేడమ్ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ఫ్యాక్ట్‌షీట్ తెరిచి ఆ వరస మీద వేలు పెట్టి చదివించారు. సర్వే నాటికి 20–24 ఏళ్లున్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్ల శాతం అది! తెలంగాణలో 23.5, దేశం మొత్తానికి 23.3. ఆ పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. జిల్లాల ఫ్యాక్ట్‌షీట్లు కూడా విడిగా ఉన్నాయి, ముందు మీ జిల్లాది తీసుకోండి.