కెర్నెల్ మార్చాక ఫోను లోగో దగ్గరే ఆగిపోతే

మొన్న రాత్రి పదకొండింటికి పటమట నుంచి మా బామ్మర్ది ఫోన్. "బావా, కొత్త కెర్నెల్ ఎక్కించా, సాయంత్రం నుంచి లోగో తప్ప ఇంకేం రావట్లేదు, గవర్నర్‌పేటలో ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయిందన్నాడు" అని ఒకటే టెన్షన్. కెర్నెల్ అంటే ఫోను హార్డ్‌వేర్‌ని నడిపే, ఆండ్రాయిడ్ అడుగున ఉండే మూల ప్రోగ్రామ్. బోర్డూ పోలేదు, బొచ్చూ పోలేదు. లోగో కనిపిస్తోందంటే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందు నడిచి ఆండ్రాయిడ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) పనిచేస్తున్నట్టే, అది ఉంటే దాదాపు ప్రతిసారీ ఫోనును లేపొచ్చు. నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లో కూర్చునే, వాడి చేత వాడి ల్యాప్‌టాప్‌లో చేయించా.

లోగో దగ్గర ఆగిపోయింది, లేదా ఊరికే రీస్టార్ట్ అవుతోంది

ఎక్కువసార్లు కారణం ఒకటే, మీ ఫోన్లో ఉన్న వెర్షన్‌కి ఆ కెర్నెల్ సరిపోదు. మావాడు ఆండ్రాయిడ్ 14కి అప్‌డేట్ అయ్యి, 13 కోసం చేసిన కెర్నెల్ జిప్ ఎక్కించాడు, మోడల్ పేరు ఒకటే కదా అని. పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫాస్ట్‌బూట్ మెనూ వస్తుంది, కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి ఫోన్లోకి ఫైళ్లు రాసే మోడ్ ఇది (శామ్‌సంగ్‌లో ఇది ఉండదు, అక్కడ డౌన్‌లోడ్ మోడ్, కంప్యూటర్లో ఓడిన్ అనే ప్రోగ్రామ్). సెట్టింగ్స్‌లో చూపించిన అదే బిల్డ్ నంబరు ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే పూర్తి సిస్టమ్ ఫైళ్లు) దింపి, అందులోని అసలు బూట్ ఇమేజ్‌ని (కెర్నెల్ ఉండే ఫైలు) బూట్ పార్టిషన్‌లోకి, అంటే మెమరీలో దానికి కేటాయించిన భాగంలోకి, ఫ్లాష్ చేయాలి, అంటే రాయాలి. కొత్త ఫోన్ల జిప్‌లో అది విడిగా కనపడదు, పేలోడ్ అనే పెద్ద ఫైల్లోంచి బయటికి తీయాలి. బిల్డ్ నంబరు ముందే రాసి పెట్టుకోండి, ఫోను లేవనప్పుడు సెట్టింగ్స్ ఎక్కడ చూస్తారు?

ఫ్లాష్ చేసినా మార్పు లేదా? ఎ, బి అని రెండు స్లాట్లున్న (సిస్టమ్‌కి రెండు చోట్లుండే) ఫోన్లలో మనం ఒకదాంట్లో రాస్తే, ఫోను రెండోదాంట్లోంచి లేస్తూ ఉండొచ్చు. ఇప్పుడు ఏ స్లాట్ నడుస్తోందో ఫాస్ట్‌బూట్‌నే అడిగి, దాంట్లోనే రాయండి.

కంప్యూటర్ "వెయిటింగ్ ఫర్ డివైస్" అంటూ కూర్చుంది

విండోస్‌లో డ్రైవర్ లేదు, లేకపోతే మీది ఉత్త ఛార్జింగ్ కేబుల్. రెండూ బాగున్నా రాకపోతే యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి చూడండి, కొన్ని కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టుతో ఫాస్ట్‌బూట్ సరిగా మాట్లాడదు. మావాడికి అరగంట ఇక్కడే పోయింది.

ఫోను లేచింది, కానీ వైఫై ఆన్ అవ్వట్లేదు

వైఫై డ్రైవర్ చాలా ఫోన్లలో కెర్నెల్‌లో కాకుండా, కంపెనీ ఫైళ్లుండే వెండర్ పార్టిషన్‌లో మాడ్యూల్‌గా (విడి ఫైలుగా) ఉంటుంది. కెర్నెల్ మారి, మాడ్యూల్ పాతదే ఉంటే రెండూ కలవవు. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో వచ్చిన ఫోన్ల నుంచి గూగుల్ అందరికీ కలిపి ఒకే మూల కెర్నెల్ పెట్టింది, కాబట్టి కెర్నెల్ వెర్షన్ దగ్గర 5.10, ఆండ్రాయిడ్12 అని ఉంటే అదే జతకి చేసిన కెర్నెల్ వెతకండి. 5.15ది కొత్తది కదా అని ఎక్కించొద్దు.

తెర మీద హెచ్చరిక

నారింజ రంగుదైతే వదిలేయండి, బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందని ప్రతిసారీ చెప్తుంది, అంతే. ఎర్రగా "కరప్ట్" అంటే, ఇమేజ్‌లు మారలేదు కదా అని చూసే వెరిఫికేషన్ ఫెయిలైంది, అసలు ఇమేజ్‌లు వెనక్కి పెట్టాలి. కంగారులో బూట్‌లోడర్ లాక్ మాత్రం చేయకండి, మార్చిన ఇమేజ్‌తో లాక్ చేస్తే షాపువాడి మాటే నిజమైపోగలదు.

మావాడి ఫొటోలు ఒక్కటీ పోలేదు, బూట్ పార్టిషన్ వేరు, డేటా వేరు. ఈసారి నేరుగా ఫ్లాష్ చేయకుండా, ఫాస్ట్‌బూట్ నుంచి ఇమేజ్‌ని ఒక్కసారికి బూట్ చేసి చూడమన్నా. బాగోకపోతే రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. అన్ని కంపెనీలూ ఆ సౌకర్యం ఉంచలేదు, వాడి ఫోన్లో ఉంది.