అద్దె సైకిల్ స్టేషన్లు ఎక్కడెక్కడ పెట్టాలి: ఏ పేటకూ అన్యాయం జరగకుండా లెక్క కట్టే పద్ధతి

‘ప్రతి వార్డుకూ రెండేసి స్టేషన్లు ఇచ్చాం, అందరికీ సమానమే’ అనే మాట అద్దె సైకిళ్ల పథకాల్లో తరచూ వినిపిస్తుంది. కాగితం మీద బాగుండే ఈ లెక్క తొక్కేవాళ్లకు ఎందుకూ కొరగాదు. వార్డులో రెండు స్టేషన్లున్నా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు నడవాలంటే లేనట్టే. నడిచి వెళ్లాక ఒక్క సైకిలూ లేకపోతే అదీ లేనట్టే. సైకిల్ దొరికినా, వెళ్లే చోట దాన్ని పెట్టడానికి స్టేషన్ లేకపోతే అంతే సంగతులు. గుమ్మం దాటిన మనిషి ఎన్ని నిమిషాల్లో తొక్కదగ్గ సైకిల్ అందుకుంటాడు, దాన్ని ఎక్కడ వదలగలడు? న్యాయం తేల్చే కొలత ఇదే. కింది పద్ధతంతా ఆ నిమిషాల్ని పేటపేటకూ కొలిచి, ఎక్కువున్న చోట తగ్గించడానికే.

ముందు ఎడం సంగతి

స్టేషన్ల మధ్య సుమారు 300 మీటర్లు ఉండాలన్నది ఈ రంగంలో బాగా స్థిరపడిన కొలత. 2007లో మొదలైన పారిస్ నగరపు అద్దె సైకిళ్ల పథకం వెలిబ్ దాదాపు ఆ ఎడంతోనే స్టేషన్లు పరిచింది. నగర రవాణా విధానాలపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐటీడీపీ మార్గదర్శిక చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టేషన్లు ఉండాలంటుంది. రెండూ ఒకే లెక్కకు వస్తాయి. 300 మీటర్ల చదరపు గళ్లుగా పరిస్తే చదరపు కిలోమీటరుకు 11 పడతాయి. నాలుగు స్టేషన్లకు సరిగ్గా నడిమధ్యన ఉన్న ఇంటి నుంచి వీధుల వెంట నడక 300 మీటర్లు. నిమిషానికి 80 మీటర్ల మామూలు నడకలో నాలుగు నిమిషాల లోపే.

ఎడాన్ని 500 మీటర్లు చేస్తే చదరపు కిలోమీటరుకు నాలుగే మిగులుతాయి. ఆ నడిమి ఇంటి నుంచి నడక ఆరు నిమిషాలు దాటుతుంది. మోకాళ్ల నొప్పులతో నిమిషానికి 50 మీటర్లే నడిచే పెద్దావిడకు పది నిమిషాలు. పది పదిహేను నిమిషాలు తొక్కడానికి పది నిమిషాలు ఎవరు నడుస్తారు?

ఇక్కడే ‘అందరికీ కొంచెం కొంచెం’ అనే మంచి బుద్ధి బెడిసికొడుతుంది. ఊరు 30 చదరపు కిలోమీటర్లు, డబ్బు 60 స్టేషన్లకే ఉందనుకోండి. ఊరంతా చల్లితే చదరపు కిలోమీటరుకు రెండు, ఎడం 700 మీటర్లు. ఎవరికీ అందదు. 12 చొప్పున దట్టంగా పెడితే 5 చదరపు కిలోమీటర్లకే సరిపోతాయి. అప్పుడు తేల్చాల్సింది ఆ అయిదూ ఎక్కడ అన్నది. ఊరి నడిబొడ్డున గుండ్రంగా గీయకండి. ఆఫీసులు, మార్కెట్టు ఉన్న చోట మొదలుపెట్టి, వాహనాలు లేని కుటుంబాలు ఎక్కువగా ఉన్న పేటల దాకా ఒక పొడవాటి పట్టీలా గీయండి. ఆ పేటలు మొదటి దశలోనే పట్టీలో ఉండాలి. ‘వాళ్లకు రెండో దశలో’ అంటే ఎంత కాలమో న్యూయార్క్‌లోని ‘సిటీ బైక్’ అనే అద్దె సైకిళ్ల పథకం చూపించింది: 2013 మేలో మాన్‌హాటన్ దిగువ భాగంలోనూ బ్రూక్లిన్‌లో కొంత మేరా మొదలైంది, పేదలు ఎక్కువగా ఉండే బ్రాంక్స్‌లో మొదటి స్టేషన్లు 2020లో వచ్చాయి.

పేదపేటలో మొక్కుబడిగా మూడు స్టేషన్లు పెట్టి వదిలేయడం మరీ చెడ్డ పని. మూడు స్టేషన్ల మధ్య కుదిరే రాకపోకలు ఆరే రకాలు. పన్నెండు ఉంటే 132. ఆ మూడూ మిగతా వలతో కలవకపోతే ఎవరూ తొక్కరు, ఏడాది తిరిగేసరికి ‘అక్కడ గిరాకీ లేదు’ అని నివేదికలోకి ఎక్కుతుంది. ఆ ముద్ర పడ్డాక తుడవడం కష్టం.

పటం తయారీ

ఊరిని 100 మీటర్ల గళ్లుగా విడగొట్టండి. ఒక్కో గడిలో జనం ఎంతమందో జనగణనలోని అతి చిన్న విభాగం నుంచి తీసుకోండి. అది దొరకని చోట వరల్డ్‌పాప్ అనే పరిశోధన బృందం ఇచ్చే 100 మీటర్ల గళ్ల జనాభా అంచనాతో పని నడుస్తుంది. వీధులకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం, లెక్కకు క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ చాలు, రెండూ ఉచితమే. స్టేషన్ చుట్టూ 400 మీటర్ల (అయిదు నిమిషాల నడక) వృత్తం గీసి లోపలి వాళ్లందరికీ అందినట్టు రాసుకోవద్దు. వీధుల వెంట 400 మీటర్ల నడకలో నిజంగా ఏ గళ్లు వస్తాయో చూడండి.

తేడా ఎంతుంటుందంటే, ఒక గడి, ఒక స్టేషన్ రైలు పట్టాలకు చెరోవైపు ఉన్నాయి, నేరుగా గీస్తే 240 మీటర్లు. పాదచారుల వంతెన 450 మీటర్ల అవతల ఉంది. వంతెన దాకా వెళ్లి, దాటి, అటువైపు మళ్లీ వెనక్కి వస్తే 1,140 మీటర్లు, పద్నాలుగు నిమిషాలు. వృత్తం లెక్కలో ఆ గడి ‘అందిన’ ఖాతాలోనే ఉంటుంది. కాలువలు, పెద్ద ప్రహరీలు, దాటడానికి దారి లేని ఆరు వరసల రోడ్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి. పేదల ఇళ్లు వీటిని ఆనుకునే ఎక్కువగా ఉంటాయి కాబట్టి వృత్తం చేసే తప్పు ఎప్పుడూ ఒకే పక్షానికి నష్టం చేస్తుంది. పటంలో దారిగా కనిపించే గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారేమో, పిల్లలు రోజూ నడిచే సందు పటంలో అసలు లేదేమో కాలినడకన తిరిగి సరిచేసుకోవాలి. ఈ పని ఒక్కటే కుర్చీలో కూర్చుని చేయలేం.

స్టేషన్ ఉంది, సైకిల్ ఉందా?

ఇప్పటికే నడుస్తున్న పథకమైతే, ఎక్కువమంది వదిలేసే అన్యాయం ఇక్కడే దొరుకుతుంది. చాలా పథకాలు జీబీఎఫ్ఎస్ అనే బహిరంగ రూపంలో, ఏ స్టేషన్‌లో ఈ క్షణాన ఎన్ని సైకిళ్లు, ఎన్ని ఖాళీ డాక్‌లు (సైకిల్‌ను నిలిపి తాళం వేసే గూళ్లు) ఉన్నాయో విడుదల చేస్తుంటాయి. ఉదయం 6:30 నుంచి 9:30 దాకా అయిదు నిమిషాలకోసారి దాన్ని పట్టి దాచండి. రోజుకు 36 రీడింగులు, పది పనిదినాలకు 360. కనీసం రెండు సైకిళ్లు ఉంటేనే ‘ఉంది’ అని లెక్కపెట్టండి. ఒకటే ఉందంటే అది గాలి పోయిందో, చైను ఊడిందో, ఎవరూ ముట్టనిదో అయ్యే అవకాశం ఎక్కువ.

360లో 160 సార్లే ‘ఉంది’ అని తేలితే ఆ స్టేషన్ 44 శాతం స్టేషనే. దాని పరిధిలో 500 మంది ఉంటే అందినవాళ్లను 220గా రాయండి. ఇలా సవరించాక పటం రంగులు మారిపోతాయి. ఇళ్లే ఎక్కువగా ఉన్న పేటల్లో ఉదయం అందరూ ఒకవైపే తొక్కుకుపోతారు, ఎనిమిదికల్లా డాక్‌లు ఖాళీ. పేట ఎత్తు మీద ఉంటే ఇంకా త్వరగా. దిగేటప్పుడు సైకిల్, ఎక్కేటప్పుడు బస్సు. సాయంత్రానికి ఇదే తిరగబడి, ఇంటి దగ్గర సైకిల్ పెట్టడానికి డాక్ దొరకదు. కాబట్టి 5 నుంచి 8 దాకా ఖాళీ డాక్‌ల లెక్క కూడా తీయాలి.

సైకిళ్లు సర్దే వ్యాను ముందు రాబడి ఎక్కువున్న స్టేషన్లకే పోతుంది. నిర్వాహకుల ఒప్పందంలో ఖాళీ సమయాన్ని ఊరంతటి సగటుగా కొలిస్తే నాలుగు పేటలు పొద్దంతా ఖాళీగా ఉన్నా సగటు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. షరతును స్టేషన్ వారీగా రాయించండి: రద్దీ వేళల్లో ఏ స్టేషనూ వరసగా 60 నిమిషాలకు మించి ఖాళీగా గానీ, పూర్తిగా నిండిపోయి గానీ ఉండకూడదని.

డాక్‌ల సంఖ్య కూడా చూడాలి. సైకిల్ ఒక్కింటికి 2 నుంచి 2.5 డాక్‌లు ఉండాలన్నది ఐటీడీపీ సూచన. శివారు స్టేషన్లకు ఎనిమిదేసి డాక్‌లిచ్చి సరిపెడితే సగం నింపినా నాలుగు సైకిళ్లే. ఒక్క బస్సు దిగిన జనంతో అయిపోతాయి.

చోట్లు ఎంచే వరస

గడిగడికీ అవసరం మార్కు వేయండి. వాహనం లేని ఇళ్ల శాతం, బస్టాపుకు నడక దూరం, ఆదాయం (ఎంత తక్కువైతే అంత ఎక్కువ మార్కు) అనే మూడింటినీ 0 నుంచి 1 మధ్యకు మార్చి సగటు తీయండి. ఆదాయం తక్కువున్న చోటే వాహనాలూ ఉండవు కాబట్టి ఆ రెండూ దాదాపు ఒకటే చెబుతుంటే ఒకదాన్ని తీసేయండి, లేకపోతే ఒకే విషయానికి రెండుసార్లు మార్కులు పడతాయి. తర్వాత గడి బరువు = జనం × (1 + అవసరం మార్కు). అవసరం ఎంతున్నా బరువు రెట్టింపు దాటదు, జనం లేని చోటికి స్టేషన్ పోదు.

ఈ బరువులతో ‘గరిష్ఠ వ్యాప్తి’ సమస్యను పరిష్కరించాలి. రిచర్డ్ చర్చ్, చార్లెస్ రెవెల్ అనే పరిశోధకులు 1974లో రూపొందించిన ఈ పద్ధతి ఇచ్చిన సంఖ్యలో స్టేషన్లతో ఎక్కువ బరువును పరిధిలోకి తెస్తుంది. సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఒక్కో అడుగుగా చేయొచ్చు. మొదట అత్యధిక బరువును అందించే చోటు ఎంచి, దాని పరిధిలోని గళ్ల బరువు సున్నా చేసి, మిగిలినవాటితో మళ్లీ మొదలుపెట్టండి. అచ్చంగా ఉత్తమ జవాబు రాకపోవచ్చు గానీ దగ్గర్లోకి వస్తుంది, పైగా సమావేశంలో ఎవరికైనా వివరించగలరు.

ఈ పద్ధతిలో ఒక లోపముంది. మొత్తం బరువు పెంచే తొందరలో ఒక మూలను పూర్తిగా వదిలేయగలదు. అందుకే ముందు కనీసం ఖాయం చేయండి. గీసిన పట్టీలో ఏ గడికీ నడక 500 మీటర్లు మించకూడదని పెట్టుకుని, దానికి అవసరమైన చోట్లన్నీ ముందు గుర్తించి, మిగిలిన స్టేషన్లను బరువు ప్రకారం పంచండి. 60లో పెద్ద వాటా ఈ కనీసానికే పోతే గాభరా పడకండి.

ఫలితాన్ని, అసమానతను ఒక్క అంకెలో చెప్పే జినీ గుణకంతో చూపించేవాళ్లున్నారు. బాగా అందుతున్న పేట నుంచి స్టేషన్లు పీకేసినా జినీ ‘మెరుగవుతుంది’, ఎవరికీ ఒరిగేది మాత్రం ఉండదు. దానికంటే రెండు అంకెలు చెప్పండి: ఆదాయం ప్రకారం అయిదు వర్గాలు చేస్తే ఒక్కో వర్గంలో 400 మీటర్ల లోపు ఎందరున్నారు, అందరికంటే దూరంగా ఉన్న పదో వంతు జనానికి నడక ఎంత.

పాత ట్రిప్పుల లెక్కతో కొత్త స్టేషన్ల చోట్లు అంచనా కట్టడం అన్నిటికంటే మర్యాదస్తుడిలా కనిపించే తప్పు. స్టేషన్ లేని చోట ట్రిప్పులు సున్నానే కదా, ఆ సున్నాను గిరాకీ లేకపోవడంగా చదివితే పాత అన్యాయానికి గణితం ముద్ర వేసినట్టే. ఆన్‌లైన్‌లో ‘మీకు స్టేషన్ ఎక్కడ కావాలి’ అని ఓట్లు పెట్టినా ఇంచుమించు ఇదే జరుగుతుంది. ఆ పేజీ తెరిచేవాళ్లు ఇప్పటికే తొక్కేవాళ్లు. తెల్లవారుజామున బస్టాపులో నిలబడే పారిశుధ్య కార్మికుల దగ్గరికి పటం పట్టుకుని వెళ్లి, ‘ఎన్ని గంటలకు, ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తారు’ అని అడగండి. స్టేషన్ ఎక్కడ కావాలని అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది.

స్థలం దగ్గర

పటంలో చుక్క పెట్టిన చోట టేపు పట్టుకుని నిలబడ్డాక సగం చుక్కలు కదులుతాయి. సైకిల్ పొడవు సుమారు 1.8 మీటర్లు. స్టేషన్ పెట్టాక కూడా కాలిబాట మీద కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి, చక్రాల కుర్చీలు రెండు ఎదురుపడినా ఇబ్బంది ఉండదు. అంత లేకపోతే స్టేషన్‌ను రోడ్డు మీదికి, కార్లు ఆపే వరసలోకి దించండి. మ్యాన్‌హోల్ మూతలు, అగ్నిమాపక కుళాయిలు కప్పకూడదు. సోలార్ స్టేషన్ అయితే చెట్టు నీడ, ఎత్తైన భవనం నీడ పనికిరావు. వీధిదీపం కింద ఉండాలి. చీకటి మూలలో ఉన్న స్టేషన్‌కు రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లు రారు. సర్దే వ్యాను పక్కన ఆగే వీలుండాలి, లేకపోతే డ్రైవరు ఆ స్టేషన్‌ను దాటేసి పోవడం మొదలవుతుంది.

‘మా ఇంటి ముందు వద్దు’ అనే అభ్యంతరాలు రాక మానవు. బదులు చోటు 100 మీటర్ల లోపే ఉండాలని ముందే నియమం రాసుకోండి. 300 మీటర్ల ఎడంలో ఒక్కటి 200 జరిగిందంటే ఒకవైపు 500 మీటర్ల కంత పడినట్టే. ప్రతి మార్పునూ తేదీతో, కారణంతో నమోదు చేయండి. ఆరు నెలల తర్వాత ఆ పట్టిక చూస్తే, స్టేషన్లు గట్టిగా మాట్లాడేవాళ్ల వీధుల్లోంచి మెల్లగా ఎటు జరిగాయో తెలిసిపోతుంది.

చెల్లింపు కూడా దూరం లాంటిదే. స్మార్ట్‌ఫోన్, క్రెడిట్ కార్డు, ముందస్తు డిపాజిట్ అడిగితే గుమ్మం ముందున్న స్టేషన్ కూడా అందదు. ఫిలడెల్ఫియాలో ఇండిగో పథకం 2015లో మొదలైనప్పుడే నగదు చెల్లింపుకు వీలు కల్పించింది. ఆ ఏర్పాటు లేకుండా తీసిన ‘అందినవాళ్ల’ అంకెను నమ్మొద్దు.

ఆరు నెలలకోసారి ఈ కొలతలన్నీ మళ్లీ తీయండి. ఏదైనా స్టేషన్‌లో వాడకం తక్కువని తీసేద్దామనే ప్రతిపాదన వస్తే ముందు నాలుగు చూడాలి. 300 మీటర్లలో పక్క స్టేషన్ ఉందా, రద్దీ వేళ సైకిళ్లు ఉన్నాయా, నగదుతో తీసుకోవచ్చా, ఆ వీధిలో భయం లేకుండా తొక్కే దారి ఉందా. వీటిలో ఒక్కదానికి ‘లేదు’ అని వచ్చినా ముందు దాన్ని సరిచేసి, మరో ఆరు నెలల రీడింగులు తీశాకే ఆ ప్రతిపాదన బల్ల మీదికి రానివ్వండి.